యంత్రం అంటే పట్టి ఉంచేది

తెలుగులో ఇంజనును యంత్రం అని ఎవరూ అనరు. ఆయిలింజను అంటాం, రైలింజను అంటాం, బండి ఇంజను సీజయిందంటాం. యంత్రం అన్న మాట పాఠ్యపుస్తకాలకీ, గుడిలో విగ్రహం కింద ప్రతిష్ఠించే రాగిరేకుకీ, మెడలో కట్టుకునే తాయెత్తుకీ మిగిలింది. నిఘంటువు ఒకదానికి అర్థంగా రెండోదాన్ని ఇచ్చి ఊరుకుంటుంది. వాడుకకు అది చాలు. కాని ఈ రెండు మాటలూ పుట్టిన చోటికి వెళ్లి చూస్తే ఒకటి చూసే దిక్కు వేరు, రెండోది చూసే దిక్కు వేరు. ఆ తేడా నాకు అన్నిటికన్నా బాగా కనిపించేది, అమెరికాలో పాత కార్ల మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లు నెలల తరబడి తేల్చుకోలేని ఒక ప్రశ్న దగ్గర. వారమంతా రోడ్డు మీద తిరగాలి, శనివారం సాయంత్రం డ్రాగ్ స్ట్రిప్ మీద పరుగు తీయాలి. అలాంటి కారుకి ఏ ఇంజను పెట్టాలి?

ముందు మన మాట సంగతి. సంస్కృతంలో చివర 'త్ర' ఉన్న మాటలు చాలావరకు సాధనాల పేర్లు. తాగడానికి సాధనం పాత్ర, దారి చూపి తీసుకుపోయేది నేత్రం, కోసేది శస్త్రం, కప్పేది వస్త్రం. యంత్రం ఆ వరసలోదే. దాని ధాతువు 'యమ్'. యమ్ అంటే కదపడం కాదు, తిప్పడం కాదు. పట్టి ఉంచడం, అదుపులో పెట్టడం. నియమం, సంయమనం, ప్రాణాయామం, నియంత్రణ అన్నీ ఆ ధాతువు సంతానమే. ఋగ్వేదం పదో మండలంలో సవిత యంత్రాలతో భూమిని కదలకుండా నిలిపాడని ఒక సూక్తం చెబుతుంది. అక్కడ యంత్రం అంటే కట్టు, బంధం. సుశ్రుతుడు వైద్యుడి పనిముట్లను రెండు జాతులుగా విడదీశాడు. కోసేవి శస్త్రాలు, అవి 20. పట్టుకునేవీ, పట్టి లాగేవీ యంత్రాలు, అవి 101. పట్టకారు ఆయన లెక్కలో యంత్రం. అన్ని యంత్రాల్లోకీ ప్రధానమైనది వైద్యుడి చెయ్యే అన్నాడు, ఎందుకంటే మిగిలినవాటిని పట్టేది అదే.

పదకొండో శతాబ్దంలో భోజుడి పేర వెలసిన సమరాంగణ సూత్రధారంలో యంత్రవిధానం అని ఒక అధ్యాయం ఉంది. అక్కడిచ్చిన నిర్వచనం చదివినప్పుడల్లా నాకు ఆశ్చర్యమే. నీరు, నిప్పు, గాలి లాంటి భూతాలు తమ ఇష్టం వచ్చినట్టు తమ దారిన పోతుంటాయి. వాటిని నియమించి తన దారిలో నడిపించేది యంత్రం అని దాని సారాంశం. శక్తి యంత్రానిది కాదు. శక్తి భూతాలది, అది ముందే ఉంది. యంత్రం చేసేది దానికి కట్టు వేసి దారి చూపడం. పెట్రోలు కారు పుట్టడానికి ఎనిమిది వందల ఏళ్ల ముందు రాసిన మాట పెట్రోలు ఇంజనుకి ఇంతగా ఎలా అతికిందా అని ఆలోచిస్తే, నిప్పుతో పని చేయించుకునే ఏ సాధనానికైనా ఇదే నిర్వచనమని తెలుస్తుంది.

తెలుగులో యంత్రానికి వికృతి జంత్రం. పాత కావ్యాల్లో తప్ప ఇప్పుడది వినపడదు. ఇదే ధాతువు నుంచి వచ్చిన ఇంకో మాట ఇప్పటికీ బతికే ఉంది, అర్థం మాత్రం బాగా మారింది: నియంత. ఈనాడు నియంత అంటే దేశాన్ని గుప్పిట్లో పెట్టుకున్న పాలకుడు. అమరకోశంలో యంత, నియంత రెండూ సారథికి పర్యాయపదాలు. గుర్రాల పగ్గాలు చేతిలో ఉన్నవాడని అర్థం. ఈ అర్థాన్ని గుర్తుంచుకోండి, హార్స్‌పవర్ ప్రస్తావన వచ్చినప్పుడు పనికొస్తుంది.

ఇక ఇంజను. లాటిన్ ఇంగేనియుం నుంచి పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి చేరింది. ఇంగేనియుం అంటే పుట్టుకతో లోపల ఉన్న తెలివి. అందులోని 'గెన్' అన్నదీ, మన జన్మ, జనకుడు, జాతి అన్న మాటల్లోని 'జన్' ధాతువూ ఒకే తల్లి బిడ్డలు. ఇంగ్లీషులో కూడా ఈ మాటకు మొదటి అర్థం తెలివే. ఆ తర్వాత ఉపాయం, ఆ తర్వాత ఉపాయంతో చేసిన వస్తువు, ముఖ్యంగా కోటగోడలు బద్దలుకొట్టే యుద్ధసాధనం. ఆవిరి యుగంలో గాని ఇప్పటి అర్థం స్థిరపడలేదు. ఈ మాటే మొదటి అక్షరం రాలిపోయి జిన్ అయింది. పత్తిలోంచి గింజ తీసే కాటన్ జిన్‌కు 1794లో ఎలై విట్నీ పేటెంటు పొందాడు. గుంటూరులో, ఆదిలాబాదులో పత్తి రైతు రోజూ పలికే జిన్నింగు మిల్లులోని జిన్నూ, ఆయిలింజనులోని ఇంజనూ ఒకే మాట. వేరువేరు దారుల్లో వేరువేరు కాలాల్లో మన ఊళ్లకొచ్చాయి.

అమెరికాలో మెకానిక్కులు ఇంజనును మోటార్ అని కూడా అంటారు. లాటిన్‌లో కదిలించేది అని దాని అర్థం. మనకి మోటారు అంటే పొలంలో నీళ్లు తోడేదే. ఇక్కడ ఒక చిత్రం ఉంది. ఎద్దులతో తోలు బొక్కెనను లాగించి బావి నీళ్లు తోడడాన్ని మోట అనేవాళ్లు. మోటబావుల మీదికి కరెంటు వచ్చాక మోట పోయి ఆ గట్టు మీదే మోటారు కూర్చుంది. చేసే పని ఒకటే, పేరులో రెండక్షరాలు ఒకటే, చుట్టరికం మాత్రం ఏమీ లేదు. పదాల వంశవృక్షం గీసేవాళ్లు జాగ్రత్త పడాల్సిన చోట్లలో ఇదొకటి.

మూడు మాటలు, మూడు చూపులు. కదిలించేది మోటారు. పుట్టుక తెలివి ఇంజను. పట్టి ఉంచేది యంత్రం. నా వాదన ఇది: రోడ్డుకీ డ్రాగ్ స్ట్రిప్‌కీ రెండింటికీ పనికొచ్చే కారు కట్టేవాళ్లు ప్రశ్నను మోటారు అర్థంలో మొదలుపెడతారు, ఇంజను అర్థంలో గొడవ పడతారు, జవాబు మాత్రం యంత్రం అర్థంలోనే దొరుకుతుంది.

డ్రాగ్ అంటే లాగడం. అమెరికా వాడుకలో ఊరి నడివీధికి మెయిన్ డ్రాగ్ అని పేరుంది; కుర్రాళ్లు కార్లేసుకుని తిరిగేదీ, సిగ్నల్ దగ్గర పందెం కట్టేదీ అక్కడే. ఆ పందేలను వీధుల్లోంచి తప్పించి, నియమాలూ కొలతలూ ఉన్న దారి మీదికి తేవాలని వాలీ పార్క్స్ 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ స్థాపించాడు. 1955లో కాన్సస్ రాష్ట్రంలోని గ్రేట్ బెండ్‌లో మొదటి జాతీయ పోటీలు జరిగాయి. దూరం పావు మైలు, 1,320 అడుగులు, మన లెక్కలో 402 మీటర్లు. మలుపులుండవు. నిలబడ్డ చోటు నుంచి బయలుదేరి గీత దాటడమే. ఇంత చిన్న ఆట ఇన్ని దశాబ్దాలుగా ఇంతమందిని పట్టి ఉంచడానికి కారణం, కారు గురించి చెప్పే అబద్ధాలన్నీ ఆ 402 మీటర్లలో తేలిపోవడం. హాట్ రాడ్ పత్రిక 2005లో డ్రాగ్ వీక్ అని మొదలుపెట్టింది. ఐదు రోజుల పాటు వేరువేరు ఊళ్ల స్ట్రిప్‌ల మీద పరుగు తీయాలి, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి అదే కారు నడుపుకుంటూ పోవాలి. మొత్తం సుమారు వెయ్యి మైళ్లు. ట్రైలరు మీద ఎక్కించి తీసుకుపోతే ఆట నుంచి బయటికే. వీధి కారు అనే మాటకు ఇంతకన్నా నిజాయతీ గల నిర్వచనం నేను చూడలేదు.

ఏ ఇంజను అన్న చర్చ మొదలవగానే పేర్ల చిక్కు వస్తుంది. ఎవరో 350 అంటారు. 350 ఘనాంగుళాలని అర్థం, అంటే 5.7 లీటర్లు. కాని జనరల్ మోటార్స్ అన్న ఒక్క కప్పు కింద షెవ్రొలే 350 వేరు, పాంటియాక్ 350 వేరు, బ్యూయిక్ 350 వేరు, ఓల్డ్స్‌మొబీల్ 350 వేరు. ఒకదాని హెడ్డు ఇంకోదానికి పట్టదు. 1977లో ఓల్డ్స్‌మొబీల్ కార్లు కొన్నవాళ్లు బానెట్ ఎత్తి చూసి లోపల షెవ్రొలే 350 ఉందని గుర్తించి కోర్టుకెక్కారు. ఘనపరిమాణం అంతే, బలంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అయినా వాళ్ల కోపంలో న్యాయముంది. వాళ్లు డబ్బిచ్చింది కదిలించే శక్తికి మాత్రమే కాదు, ఒక పుట్టుకకి. ఇంజను అన్న మాటలోని ఆ 'గెన్', ఆ జాతి, రెండు వేల ఏళ్ల తర్వాత అమెరికా న్యాయస్థానంలో పలికింది. ఫోర్డ్ మస్టాంగ్‌లో షెవ్రొలే ఇంజను దించితే ఈనాటికీ మాటామాటా పెరిగేది ఇందుకే.

స్మాల్ బ్లాక్, బిగ్ బ్లాక్ అన్న మాటలు కూడా చూడండి. షెవ్రొలే స్మాల్ బ్లాక్ 1955లో ఎడ్ కోల్ హయాంలో 265 ఘనాంగుళాలతో వచ్చింది. 1965లో వచ్చిన కొత్త బిగ్ బ్లాక్ 396. అంతవరకు పేర్లు బాగానే ఉన్నాయి. 1970లో స్మాల్ బ్లాకే 400 ఘనాంగుళాలకు ఎదిగింది. అంటే చిన్నది పెద్దదాన్ని మించింది, పేర్లు మాత్రం మారలేదు. అదే ఏడు 396ను 402కి పెంచినా కారు మీద 396 అంకెనే ఉంచారు. ఇక్కడ చిన్న, పెద్ద అన్నవి లోపల పట్టే గాలి కొలతలు కావు, ఇనప దిమ్మె బయటి ఆకారానికి పెట్టిన పేర్లు. ఎల్ఎస్6 అన్న ఆర్డరు కోడు 1970 నాటి 454 బిగ్ బ్లాక్‌దీ, 2001 కార్వెట్‌లోని 5.7 లీటర్ల అల్యూమినియం ఇంజనుదీ. తాత పేరు మనవడికి పెట్టారనుకోవడానికి కూడా లేదు, ఎందుకంటే ఆ రెండూ రెండు వంశాలు.

పేర్లు వదిలి లోపలికి వెళ్దాం. ఎనిమిది సిలిండర్ల ఇంజను నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండరులో సెకనుకి 50 సార్లు నిప్పు అంటుకుంటుంది, అన్నీ కలిపి 400 సార్లు. మండిన గాలి అన్ని వైపులకూ ఒకే బలంతో పోవాలని చూస్తుంది. పై దారి మూసేది హెడ్డు, హెడ్డుకీ దిమ్మెకీ మధ్య గాస్కెట్టు. పక్కదారి మూసేవి రింగులు. వాల్వు తన చోట కూర్చునేలా పట్టేది స్ప్రింగు. వేగం పెరిగి స్ప్రింగు ఓడిపోతే వాల్వు గాల్లో తేలుతుంది, పిస్టన్ వచ్చి దాన్ని గుద్దుతుంది. క్రాంక్‌ను కిందికి ఊడిపోకుండా పట్టేవి మెయిన్ క్యాపులు. ఇన్ని వైపులా దారి మూసేస్తే మిగిలిన ఒక్క దారిలో పిస్టన్ కదులుతుంది. కదలిక అన్నది కట్టు వల్ల పుట్టింది. కట్టు లేకపోతే అది బాంబే తప్ప ఇంజను కాదు. భోజుడి నిర్వచనంలోని 'నియమించి' అన్న మాట బరువు నాకు ఇక్కడ తెలుస్తుంది.

అయితే పట్టడం అంటే పిసకడం కాదు. ట్రక్కుల్లోంచి తీసిన 5.3 లీటర్ల షెవ్రొలే ఇంజనుకు టర్బో తగిలించేవాళ్లు ముందు చేసే పని రింగు కొసల మధ్య సందును కాస్త అరగదీసి పెంచడం. టర్బో వేడికి రింగు సాగుతుంది. సాగడానికి చోటు లేకపోతే రెండు కొసలూ ఒకదాన్నొకటి పొడుచుకుని రింగు సిలిండరుకి బిగుసుకుపోతుంది, పిస్టన్ పైభాగం పగిలి వస్తుంది. తలవెంట్రుక మందాల్లో కొలిచే ఆ సందు వల్ల అంత ఇనుమూ నిలుస్తుంది. సంయమనంలోని 'యమ్' కూడా ఇలాంటిదే, కొంత సడలింపు లేనిదే నిలవదు.

ఇప్పుడొక కారు తీసుకుందాం. 1968లో కొత్త ఆకారంతో వచ్చిన షెవ్రొలే నోవా. చిన్నది, సాదా మనిషి కొనుక్కున్నది, ఫ్యాక్టరీలోనే స్మాల్ బ్లాకూ 396 బిగ్ బ్లాకూ రెండూ పెట్టి అమ్మినది. డ్రైవరుతో కలిపి 3,200 పౌండ్లనుకుందాం, సుమారు 1,450 కిలోలు. పాట్రిక్ హేల్ పేర వాడుకలో ఉన్న సూత్రం ఒకటుంది: కారు బరువును పౌండ్లలో తీసుకుని హార్స్‌పవర్‌తో భాగించి, ఘనమూలం తీసి, 5.825తో గుణిస్తే పావు మైలుకి పట్టే సెకన్లు వస్తాయి. 400 హార్స్‌పవర్ అయితే 3,200ను 400తో భాగిస్తే 8, ఘనమూలం 2, సమయం 11.65 సెకన్లు. బలం రెట్టింపు చేసి 800కి తీసుకెళ్తే ఎంత తగ్గుతుంది? 9.25 దగ్గర ఆగుతుంది. సమయం సగం కావాలంటే బలం ఎనిమిది రెట్లు కావాలి. ఈ ఘనమూలమే అసలు పాఠం. మోటారు అర్థంలో ఆలోచించేవాడు రెట్టింపు బలానికి రెట్టింపు ఫలం ఆశిస్తాడు. పైగా ఈ సూత్రానికి ఒక షరతుంది: బలమంతా టైరు జారకుండా నేలను చేరాలి. అంటే పట్టు ఉండాలి.

హార్స్‌పవర్ అన్న కొలతకు కూడా చరిత్ర ఉంది. నిమిషానికి 33,000 అడుగు-పౌండ్లు అని జేమ్స్ వాట్ లెక్క కట్టాడు. మన పుస్తకాలు అశ్వశక్తి అన్నాయి, రైతు మాత్రం ఐదు హెచ్‌పీ మోటారు అనే అన్నాడు, అనే అంటాడు. అమెరికాలో 1971 దాకా ప్రకటనల్లో వేసిన హార్స్‌పవర్ 'గ్రాస్': గాలి వడపోత లేకుండా, కారు సైలెన్సరు లేకుండా, ఇంజనును బల్ల మీద ఒంటరిగా కొలిచినది. 1972 నుంచి 'నెట్': కారులో ఉన్నట్టే అన్నీ తగిలించి కొలిచినది. 1971 కార్వెట్‌లోని ఎల్టీ-1 350 ఇంజనుకు రెండు అంకెలూ అచ్చయ్యాయి: గ్రాస్ 330, నెట్ 275. ఇంజను ఒక్కటే, మాట ఒక్కటే, మధ్య 55 గుర్రాలు మాయం. పాత బ్రోషరు చూసి ఇంజను ఎంచుకునేవాళ్లు ఈ తేడా తెలియక మోసపోతారు. పెట్రోలు బంకు దగ్గర ఇంకో మాట ఉంది, ఆక్టేన్. అమెరికా పంపు మీద 91 అని ఉంటే అది రెండు పరీక్షల సగటు; మన దేశంలో చెప్పే ఆర్ఓఎన్ లెక్కలో అది 95 పైనే. మన 91 వేరు, వాళ్ల 91 వేరు. ఇక్కడి నుంచి వెళ్లిన తెలుగు కుర్రవాడు అక్కడ కారు కట్టడం మొదలుపెడితే ముందు సరిచేసుకోవాల్సిన అంకె ఇది. కంప్రెషన్ ఎంత పెట్టుకోవచ్చో దాన్ని బట్టే తేలుతుంది. పెట్రోలు తట్టుకోలేనంత కంప్రెషన్ పెడితే నిప్పు దానంతటదే అంటుకుని ఇంజను నాకింగ్ ఇస్తుంది. భూతం కట్టు తప్పిందని చెప్పే చప్పుడది.

నోవాకు పోటీలో ఉన్న ఇంజన్లు మూడు. మొదటిది 383. షెవ్రొలే 350 దిమ్మెలో 400 ఇంజను క్రాంక్ కొలతను, 3.75 అంగుళాల స్ట్రోకును, దించి, సిలిండర్లను అంగుళంలో వెయ్యింట 30 వంతులు పెద్దవి చేస్తే 383 ఘనాంగుళాలు వస్తాయి. మంచి అల్యూమినియం హెడ్లు వేస్తే 400 హార్స్‌పవర్ బంకు పెట్రోలుతోనే వస్తుంది. నోవా బానెట్ కింద ఏమీ కోయకుండా కూర్చుంటుంది. దేశంలో ఏ ఊళ్లో ఆగిపోయినా దాని సామాను దొరుకుతుంది, దాన్ని బాగుచేసే ముసలి మెకానిక్కు దొరుకుతాడు. అందరూ ఇదే చేస్తారని దీన్ని చిన్నచూపు చూసేవాళ్లతో నేను ఏకీభవించను. అంతమంది చేతుల్లో ఇన్నేళ్లు నలగడం వల్లే దాని లోపాలన్నీ తెలిసిపోయాయి.

రెండోది 454 బిగ్ బ్లాక్. దాని టార్కు యాక్సిలరేటరు కొంచెం నొక్కగానే వెన్నును సీటుకి అదుముతుంది, ఆ అనుభవానికి ఇంకేదీ సాటి రాదు. కాని ఇనప స్మాల్ బ్లాక్ కన్నా దాదాపు 50 కిలోలు ఎక్కువ బరువు, అదంతా ముందు చక్రాల మీద. ముందు బరువు పెరిగితే స్ప్రింగులు, బ్రేకులు, రేడియేటరు అన్నీ మార్చాలి, వెనక టైర్ల పట్టు తగ్గుతుంది. డ్రాగ్ స్ట్రిప్ మీద లెక్కించుకుని కడితే గొప్ప ఇంజను. ఆగస్టు ఎండలో ట్రాఫిక్కులో నిలబడాల్సిన చిన్న నోవాలో దాన్ని పెట్టమని నేను చెప్పను.

మూడోది ఎల్ఎస్ వంశం. 1997 కార్వెట్‌తో మొదలైంది, 1999 నుంచి ట్రక్కుల్లో ఇనప దిమ్మెలతో 4.8, 5.3, 6.0 లీటర్ల రూపాల్లో లెక్కలేనన్ని వచ్చాయి. అందువల్ల జంక్‌యార్డుల్లో దొరుకుతాయి. పాత స్మాల్ బ్లాక్‌లో మెయిన్ క్యాపుకు రెండో నాలుగో బోల్టులుండేవి. ఎల్ఎస్‌లో ఒక్కో క్యాపును పైకి పట్టే బోల్టులు నాలుగు, పక్కల నుంచి అడ్డంగా పట్టేవి రెండు. దిమ్మె అంచులు క్రాంక్ కిందిదాకా దిగి దాన్ని రెండు వైపులా కావలించుకుంటాయి. పెట్రోలును కంప్యూటరు కొలిచి పంపుతుంది. నాకింగ్ మొదలవబోతే సెన్సరు విని స్పార్కును వెనక్కి జరుపుతుంది. సారథి లోపలే ఉన్నాడన్నమాట, అమరకోశం చెప్పిన అసలు అర్థంలో నియంత. అయితే కొత్త వైరింగు కావాలి, ఎక్కువ ఒత్తిడి ఇచ్చే పెట్రోలు పంపు కావాలి, ఇంజను మౌంట్లు మార్చాలి, ట్రక్కు ఆయిల్ ప్యాన్ మరీ కిందికి వేలాడుతుంది కనుక అదీ మార్చాలి. ఇంజను చౌక, దానికి పట్టే చిల్లర సామాను ఖర్చు చౌక కాదు.

కామ్‌షాఫ్టు విషయంలో కూడా ఇదే లెక్క. వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే కామ్ వేస్తే పై వేగాల్లో బలం వస్తుంది, సిగ్నల్ దగ్గర ఇంజను గుర్రుమంటూ ఊగుతుంది, ఆ చప్పుడంటే చెవి కోసుకునేవాళ్లున్నారు. కాని ఐడిలింగులో వాక్యూం పడిపోతుంది. పవర్ బ్రేకులు పనిచేసేది ఆ వాక్యూంతోనే. పరుగు కోసం వేసిన కామ్ ఆపే శక్తిని తినేయడం నాకు ఒప్పుదల కాదు, ఎంత వేగమైన కారైనా సరే.

ఇంజనుకు బయట ఇంకెన్ని కట్లున్నాయో చూడండి. పాత నోవాలో చిన్న ఇంజన్లతో వచ్చిన వెనక ఇరుసు పది బోల్టులది. జారని టైర్లు వేసి 400 హార్స్‌పవర్‌తో స్ట్రిప్ మీద పదేపదే బయలుదేరితే దాని గేర్లు, ఇరుసు కడ్డీలు తట్టుకోవు. అందుకని చాలామంది ఫోర్డ్ 9 అంగుళాల ఇరుసు పెడతారు. 1957 నుంచీ పేరున్న ఇరుసది. షెవ్రొలేలో ఫోర్డ్ ఇంజను అంటే ఒంటికాలి మీద లేచేవాళ్లే ఫోర్డ్ ఇరుసుకు ఏ అభ్యంతరమూ చెప్పరు. ఇంజను దగ్గర పుట్టుక చూస్తారు, ఇరుసు దగ్గర పట్టు చూస్తారు. మనసు రెండు మాటల మధ్య ఎలా నడుస్తుందో దీనికన్నా స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు.

నియమాలు కూడా కట్లే. పాత కారు 11.49 సెకన్లలో గాని అంతకన్నా తక్కువలో గాని పావు మైలు ముగిస్తే రోల్ బార్ ఉండాలని నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ నియమం. పది సెకన్ల లోపుకు దిగితే మనిషి చుట్టూ పూర్తి రోల్ కేజ్, దానికి ధ్రువీకరణ, డ్రైవరుకి వేరే లైసెన్సు. హెల్మెట్ లేకుండా ఊళ్లో తిరిగే కారులో తలకు దగ్గరగా ఇనప గొట్టాలుండటం ప్రమాదం. కనుక పదకొండున్నర సెకన్లన్నది రోడ్డు కారుకి సహజమైన సరిహద్దు. హేల్ సూత్రంలో 400 హార్స్‌పవర్ నోవా సరిగ్గా దాని ముందే, 11.65 దగ్గర ఆగింది. ఇంజను ఎంచుకునేవాడు ముందు ఈ సమయాన్ని ఎంచుకోవాలి. సమయం తేలితే బలం తేలుతుంది, బలం తేలితే ఇరుసు, గేర్‌బాక్సు తేలతాయి, చివరికి ఏ ఇంజనన్నది పెద్ద ప్రశ్నే కాకుండా పోతుంది. నా చేతికి నోవా అప్పగిస్తే నేను కొనే వరస కూడా ఇదే: బ్రేకులు, ఇరుసు, టైర్లు, రేడియేటరు, గేర్‌బాక్సు, పెట్రోలు పంపు, ఆ తర్వాత ఇంజను.

ఆ నోవాలో నేను పెట్టేది ట్రక్కు 6.0 లీటర్ల ఇంజను. ఇనప దిమ్మె, 364 ఘనాంగుళాలు, టర్బో లేకుండా, మితమైన కామ్‌తో. 400 హార్స్‌పవర్ దానికి ఆయాసం కాదు. వెనక 4ఎల్80ఇ ఆటోమేటిక్ గేర్‌బాక్సు, 3.73 నిష్పత్తి ఉన్న 9 అంగుళాల ఇరుసు, 26 అంగుళాల ఎత్తు టైర్లు. ఈ అంకెలు ఒకదానితో ఒకటి ఎలా పొసగుతాయో లెక్క కట్టి చూశాను. 11.65 సెకన్ల కారు గీత దాటేటప్పటి వేగం గంటకు 117 మైళ్లు, 188 కిలోమీటర్లు. మూడో గేరులో ఆ వేగానికి ఇంజను తిరిగేది నిమిషానికి సుమారు 5,640 చుట్లు, అటువంటి కామ్ తన పూర్తి బలం ఇచ్చే చోటికి దగ్గరలోనే. మర్నాడు ఉదయం హైవే మీద 60 మైళ్ల వేగంతో పోతున్నప్పుడు నాలుగో గేరు 0.75 నిష్పత్తిలో పడితే 2,170 చుట్లు చాలు. ఆ నాలుగో గేరు లేని పాత టర్బో 400 గేర్‌బాక్సుతో అయితే 2,890 చుట్లు తిరుగుతూ రోజంతా చెవులు దిబ్బళ్లు వేసేలా అరుస్తుంది. కారు అదే, ఇరుసు అదే, టైరు అదే. స్ట్రిప్‌కీ రోడ్డుకీ మధ్య తేడాను మోసేది గేర్‌బాక్సులో చివరనున్న ఆ ఒక్క పళ్లచక్రాల జత.